సింహం లేచి, గర్జించి, దూకింది: జంతువుల కథలతో పాస్ట్ టెన్స్ ఎలా వస్తుంది

క్లుప్తంగా

తెలుగు పిల్లలు ఇంగ్లిష్ పాస్ట్ టెన్స్‌లో చేసే తప్పులన్నీ వెర్బుల రూపాలు గుర్తులేక చేసేవి కావు. వరసగా జరిగిన పనులను చెప్పేటప్పుడు తెలుగు చివర ఒక్కసారే కాలం చెబుతుంది. ఇంగ్లిష్ ప్రతి పనికీ విడిగా చెబుతుంది. చాలా తప్పులు ఇక్కడే పుడతాయి. జంతువుల కథల నిండా ఇలాంటి పనుల వరసలే కాబట్టి ఈ తేడా వాటిలో స్పష్టంగా బయటపడుతుంది, సరిదిద్దడానికీ అదే అనువైన చోటు. అయితే కథ చెప్పి వదిలేస్తే టెన్స్ దానంతట అదే రాదు.

పట్టిక ఏమైంది?

మూడో తరగతి పిల్లల ఇంగ్లిష్ నోటుబుక్ తెరిస్తే ‘గో, వెంట్, గాన్’ అంటూ మూడు వరసల పట్టిక కనిపించాలని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. వాళ్లు చదువుకున్నది అలాగే. హైదరాబాద్‌లో కొన్ని బడుల నోటుబుక్కుల్లో ఇప్పుడు ఆ పట్టిక స్థానంలో నాలుగు గళ్ల బొమ్మలు, వాటి కింద కాకి గురించో కోతి గురించో నాలుగు వాక్యాలు ఉంటున్నాయి. గ్రామర్ ఎప్పుడు మొదలుపెడతారు, కథలతో టైమ్‌పాస్ చేస్తున్నారా అనే అనుమానం రావడం సహజం.

ఈ అనుమానానికి ఇప్పుడు బరువు పెరగడానికి కారణం ఉంది. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022–23 విద్యా సంవత్సరం నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం ప్రవేశపెట్టారు. ఒక పేజీ ఇంగ్లిష్‌లో, ఎదురు పేజీ తెలుగులో ఉండే ద్విభాషా పుస్తకాలు అప్పుడే వచ్చాయి. ఇంట్లో ఇంగ్లిష్ మాట వినపడని పిల్లలు సైన్సు, లెక్కలు కూడా ఆ భాషలోనే చదవాలి. నిన్న ఏం జరిగింది, ప్రయోగంలో ఏం చేశాం, చరిత్రలో ఎవరు ఏం చేశారు అని రాయాలంటే పాస్ట్ టెన్స్ లేకుండా కుదరదు. ఒకప్పుడు అది ఇంగ్లిష్ పీరియడ్‌కు మాత్రమే సంబంధించిన విషయం. ఇప్పుడు అన్ని సబ్జెక్టులకూ అవసరం.

పట్టిక పద్ధతికి మన దేశంలో పాత చరిత్రే ఉంది. వాక్య నిర్మాణాలను ఒక్కొక్కటిగా, తేలికైనది ముందు, కష్టమైనది తర్వాత అన్న క్రమంలో డ్రిల్ చేయించే స్ట్రక్చరల్ పద్ధతి 1950ల నుంచి ఇక్కడ వేళ్లూనుకుంది. ఇంగ్లిష్ టీచర్ల శిక్షణ కోసం 1958లో హైదరాబాద్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ పెట్టారు. తార్నాకలో ఉన్న ఇఫ్లూకు, అంటే ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయానికి, మూలం అదే. ఆ పద్ధతి మీద పెద్ద ప్రశ్న కూడా దక్షిణాది నుంచే వచ్చింది. భాషా బోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు తదితర చోట్ల బడుల్లో ఒక ప్రయోగం నడిపారు. వ్యాకరణాన్ని వరసగా చెప్పడం ఆపి, పిల్లల దృష్టి అర్థం మీద ఉండే పనులు ఇచ్చి చూశారు. టాస్కులతో భాష నేర్పడం గురించి ప్రపంచంలో ఎవరు మాట్లాడినా ఈ బెంగళూరు ప్రాజెక్టును తలచుకోకుండా ఉండరు. కథతో టెన్స్ నేర్పాలన్న ఆలోచనకు ఒక మూలం అక్కడ ఉంది.

తెలుగు కథ కాలాన్ని ఒక్కసారే చెబుతుంది

సింహం, కుందేలు కథను ఇంట్లో చెప్పే తీరు గమనించండి. ‘కుందేలు పొద్దున్నే లేచి, స్నానం చేసి, మెల్లగా నడిచి, గుహ దగ్గరికి చేరి, సింహానికి దండం పెట్టింది.’ ఇందులో ఐదు పనులున్నాయి. జరిగిపోయిన పని అని చెప్పే క్రియ ఒక్కటే, ‘పెట్టింది’. లేచి, చేసి, నడిచి, చేరి అనేవి అసమాపక క్రియలు. వాటికి సొంత కాలం లేదు. ‘దండం పెడుతుంది’ అని చివర మారిస్తే ఆ నాలుగు పనులూ ముక్క కదలకుండా భవిష్యత్తులోకి వెళ్లిపోతాయి. గూడ్స్ బండికి గార్డు పెట్టె చివర ఒక్కటే ఉన్నట్టు, తెలుగు వాక్యంలో కాలం చివరి క్రియలో ఉంటుంది.

ఇంగ్లిష్‌లో ఇదే వాక్యం చెప్పాలంటే గాట్ అప్, టుక్ ఎ బాత్, వాక్డ్, రీచ్డ్, బౌడ్ అని ఐదుసార్లూ పాస్ట్ టెన్స్ వాడాలి. ఒక్కటి వదిలినా తప్పే. తెలుగులో కథ చెప్పడం బాగా వచ్చిన పిల్లలు ఇక్కడ ఏం చేస్తారో ఊహించడం కష్టం కాదు. ‘ద ర్యాబిట్ గెట్ అప్ అండ్ టేక్ బాత్ అండ్ వాక్ స్లోలీ అండ్ రీచ్ ద కేవ్ అండ్ బౌడ్’ అని రాస్తారు. టీచరు నాలుగు చోట్ల ఎర్ర గీత గీసి, పాస్ట్ టెన్స్ రాలేదని రాస్తారు. కానీ పాస్ట్ టెన్స్ వచ్చింది, సరిగ్గా తెలుగులో వచ్చే చోటే వచ్చింది. అదే పిల్లవాణ్ణి ‘టేక్’కు పాస్ట్ అడిగితే ‘టుక్’ అని టక్కున చెప్పవచ్చు. అందుకే పట్టికను ఇంకో పదిసార్లు అప్పజెప్పించినా ఈ తప్పు పోదు. పట్టిక ఒక్కో వెర్బునూ విడిగా నేర్పుతుంది. తప్పు జరుగుతున్నది వెర్బులను కలిపే చోట.

కాస్త పెద్ద పిల్లలు దీని నుంచి తప్పించుకోవడానికి ఇంకో దారి వెతుక్కుంటారు. ‘ఆఫ్టర్ గెటింగ్ అప్, ఆఫ్టర్ టేకింగ్ బాత్, ఆఫ్టర్ రీచింగ్’ అని వరసగా పేర్చేస్తారు. వ్యాకరణం ప్రకారం తప్పు లేదు. కానీ ఇంగ్లిష్ కథ అలా నడవదు. ఆఫీసు ఈమెయిళ్లలో పెద్దవాళ్లు రాసే ‘ఆఫ్టర్ కమింగ్, ఆఫ్టర్ చెకింగ్’ వాక్యాలకు మొదలు మూడో తరగతిలోనే ఉందని చెప్పవచ్చు.

ఇంట్లో ‘వచ్చాడు’ అన్నా ‘వచ్చిండు’ అన్నా ఈ విషయంలో తేడా లేదు. తెలంగాణ మాటలోనూ లేసి, ఉరికి, పట్టుకొని అన్న గొలుసు అలాగే ఉంటుంది. ఉర్దూ మాట్లాడే ఇళ్ల పిల్లలకైనా అంతే. హైదరాబాదీ దక్కనీలో ‘జాకో, ఖాకో, ఆకో’ అన్నవి సరిగ్గా వెళ్లి, తిని, వచ్చి అన్నవే. భాషా శాస్త్రవేత్త ఎం.బి. ఎమెనో 1956లో భారతదేశాన్ని ఒకే భాషా మండలంగా చూపుతూ రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ద్రావిడ, ఆర్య భాషల ఉమ్మడి లక్షణాల్లో ఈ అసమాపక క్రియను కూడా చేర్చారు. అంటే టోలిచౌకి క్లాసులోనూ ఉప్పల్ క్లాసులోనూ తప్పు ఒకే చోట పడుతుంది. ఇంట్లో వేర్వేరు భాషలు మాట్లాడే పిల్లలు ఒకే గదిలో ఉన్నా టీచరుకు రెండు రకాల పాఠాలు అక్కర్లేదు.

ఒకే బొమ్మల కథను వేర్వేరు భాషల పిల్లలతో చెప్పించి పోల్చిన అధ్యయనం ఒకటి భాషా శాస్త్రంలో బాగా పేరు పొందింది. రూత్ బెర్మన్, డాన్ స్లోబిన్ 1994లో ప్రచురించిన ఆ పనిలో ఒక పిల్లవాడు, కుక్క, తప్పిపోయిన కప్ప ఉన్న మాటల్లేని కథను ఇంగ్లిష్, జర్మన్, స్పానిష్, హీబ్రూ, టర్కిష్ పిల్లలతో చెప్పించారు. బొమ్మలు అవే అయినా ఒక్కో భాష పిల్లలు సంఘటనలను ఒక్కో రకంగా పేర్చారు. టర్కిష్‌లో తెలుగులాగే అసమాపక క్రియల గొలుసు ఉంది. మాట్లాడటానికి సిద్ధమయ్యేటప్పుడే మనసు ఆ భాషకు తగ్గట్టు సంఘటనలను అమర్చుకుంటుందన్నది స్లోబిన్ వాదన. రెండో భాష నేర్చుకునేవాళ్లకు ఆ అమరికను మార్చుకోవడమే అసలు కష్టం.

ఈ తేడాను పిల్లలకు చెప్పడానికి కావలసిన సామగ్రి తెలుగు పీరియడ్‌లోనే ఉంది. సంశ్లిష్ట వాక్యాన్ని సామాన్య వాక్యాలుగా విడగొట్టే అభ్యాసం తెలుగు వాచకాల్లో పిల్లలు చేసేదే. ‘కుందేలు లేచి, నడిచి, గుహ చేరింది’ అన్న దాన్ని ‘కుందేలు లేచింది. కుందేలు నడిచింది. కుందేలు గుహ చేరింది’ అని విడగొట్టడం వాళ్లకు కొత్త కాదు. అలా విడిపోయిన తెలుగు వాక్యాల్లో ప్రతి క్రియకూ ‘ఇంది’ వచ్చి చేరుతుంది. ఇంగ్లిష్‌కు కావలసింది అదే. ఒక గోడకు అటు తెలుగు టీచరు, ఇటు ఇంగ్లిష్ టీచరు ఒకే పాఠంలో చెరో సగం చెబుతున్నారు. ఆ రెండు సగాలనూ కలిపే పని మాత్రం టైమ్‌టేబుల్‌లో ఎక్కడా ఉండదు.

‘రాలేదు’ సాయం చేస్తుంది, ‘వచ్చిందా’ చేయదు

మాతృభాష ప్రతిచోటా అడ్డం వస్తుందనుకోవడం కూడా పొరపాటే. ‘డిడ్ నాట్ కేమ్’ అన్నది తరగతుల్లో నిత్యం కనిపించే తప్పు. ఒకసారి ‘డిడ్’ వచ్చాక వెర్బు మళ్లీ మొదటి రూపానికి ఎందుకు వెళ్లాలన్నది పిల్లలకు అర్థం కాదు. కానీ తెలుగులోనూ అంతే జరుగుతుంది. ‘తిన్నది’కి వ్యతిరేకం ‘తినలేదు’, ‘చూసింది’కి ‘చూడలేదు’. తిన, చూడ అన్న వాటిలో జరిగిపోయిన కాలం లేదు. అది ‘లేదు’లో ఉంది. హైదరాబాద్‌లో ‘తినలే, చూడలే’ అన్నా నిర్మాణం అదే. ‘తిన్నలేదు’ అని చిన్న పిల్లలు కూడా అనరు. ‘డిడ్ నాట్ ఈట్’ను ‘తినలేదు’ పక్కన రాసి చూపిస్తే సూత్రం చెప్పాల్సిన అవసరం చాలావరకు తప్పుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. వాడు తినలేదు, అది తినలేదు, వాళ్లు తినలేదు అని తెలుగులో ‘లేదు’ ఎవరికైనా మారదు, ఇంగ్లిష్‌లో ‘డిడ్ నాట్’ కూడా మారదు.

ప్రశ్న దగ్గరకు వచ్చేసరికి ఈ సాయం ఆగిపోతుంది. ‘చూసింది’ చివర దీర్ఘం తీస్తే ‘చూసిందా’ అవుతుంది, కాలం క్రియలోనే ఉండిపోతుంది. ‘డిడ్ ద లయన్ సా ద ర్యాబిట్?’ అనే తప్పుకు మూలం ఇక్కడుంది. కాబట్టి నెగెటివ్‌నూ ప్రశ్ననూ ఒకే రోజు, ఒకే పట్టికలో చెప్పడం అంత మంచి ఆలోచన కాదు. ఒకదానికి తెలుగు తోడుంటుంది, రెండోదానికి ఉండదు.

మూడో చోటు కథ మొదటి వాక్యంలోనే ఉంది. ‘అనగనగా ఒక అడవిలో ఒక సింహం ఉండేది. అది రోజూ జంతువులను చంపి తినేది. ఒకరోజు కుందేలు వంతు వచ్చింది.’ తెలుగులో రోజూ జరిగినదానికి ‘తినేది’, ఒక్కసారి జరిగినదానికి ‘వచ్చింది’ అని రెండు రూపాలున్నాయి. ఇంగ్లిష్ సింపుల్ పాస్ట్ ఈ రెంటికీ ఒకటే. ‘ఏట్ ఎవ్రీ డే’ అన్నా చాలు, ‘ఏట్ దట్ డే’ అన్నా చాలు. తన భాషలో ఉన్న తేడా ఇంగ్లిష్‌లో కనపడకపోయేసరికి పిల్లలు దానికోసం ఒక రూపం వెతుకుతారు, ‘వాజ్ ఈటింగ్ డైలీ’ అని రాస్తారు. ఐఎన్‌జీని ఎక్కడపడితే అక్కడ తగిలిస్తున్నారన్న ఫిర్యాదు వెనుక చాలాసార్లు ఉన్నది నిర్లక్ష్యం కాదు, అర్థాన్ని జాగ్రత్తగా పట్టుకోవాలన్న ప్రయత్నం. జంతువుల కథల్లో ‘ఒకరోజు’ అన్న మలుపు తప్పకుండా ఉంటుంది కాబట్టి ఆ మలుపుకు ముందు వాక్యాలు, తర్వాత వాక్యాలు రెండు రంగుల్లో రాయించి, ఇంగ్లిష్‌లో రెండు వైపులా వెర్బు రూపం ఒకటేనని చూపించడం సులువు.

జంతువులే ఎందుకు?

భాష నేర్పడానికి జంతువులను వాడటం మనకు కొత్త కాదు. పంచతంత్రం మొదలయ్యేదే చదువబ్బని ముగ్గురు రాజకుమారులతో. వాళ్లను ఆరు నెలల్లో దారిలో పెడతానని విష్ణుశర్మ మాట ఇస్తాడు. మూడో తరగతి సిలబస్‌లో పాస్ట్ టెన్స్‌కు అంత గడువు ఎవరూ ఇవ్వరు. చిన్నయసూరి 1853లో వెలువరించిన ‘నీతిచంద్రిక’ ఆ కథలనే తెలుగు వచనంలోకి తెచ్చింది, తరాల పాటు విద్యార్థులు దాన్ని చదివారు.

ఈ కథలు టెన్స్‌కు పనికి రావడానికి కారణం నీతి కాదు, వాటిలోని క్రియలు. జంతువు కథలో ఎక్కువగా ఏదో ఒకటి చేస్తుంది. దూకుతుంది, పడుతుంది, పట్టుకుంటుంది, విరుస్తుంది, పారిపోతుంది. ఆలోచనలు, మనోభావాల వర్ణనలు తక్కువ. రెండో భాష నేర్చుకునేవాళ్ల మీద జరిగిన పరిశోధనల్లో తరచూ కనిపించిన విషయం ఒకటుంది. ఒక్క క్షణంలో జరిగి ముగిసిపోయే పనులకు, అంటే పడిపోవడం, విరగడం, చేరడం వంటి వాటికి, పాస్ట్ టెన్స్ ముందు వస్తుంది. ఉండటం, ఇష్టపడటం, తెలిసి ఉండటం వంటి స్థితులకు చాలా ఆలస్యంగా వస్తుంది. రోజర్ ఆండర్సన్, యసుహిరో షిరాయ్ వంటివారు దీన్ని వివరంగా చర్చించారు. తాబేలు నోరు తెరిచింది, కర్ర వదిలింది, కింద పడింది అన్న కథ ఈ క్రమానికి చక్కగా సరిపోతుంది. ‘మా అమ్మమ్మకు పూలంటే ఇష్టం ఉండేది’ అన్న పేరా అంతగా సరిపోదు, ఎంత హృద్యంగా ఉన్నా సరే.

రెండో కారణం కథ ముందే తెలిసి ఉండటం. కుండలో గులకరాళ్లు వేసిన కాకి తర్వాత ఏం చేస్తుందో హైదరాబాద్ పిల్లల్లో తెలియనివాళ్లు తక్కువ. అర్థం కోసం వెతుక్కునే శ్రమ లేనప్పుడు చెప్పే తీరు మీద దృష్టి పెట్టడానికి వీలుంటుంది. కొత్త కథ, కొత్త మాటలు, కొత్త టెన్స్ మూడూ ఒకేసారి ఇస్తే పిల్లలు మొదట వదిలేసేది టెన్స్‌నే.

చిన్న ఇబ్బందులూ ఉన్నాయి. తెలుగు కథలో సింహం ‘అది’. ఇంగ్లిష్ కథల్లో మాట్లాడే సింహం సాధారణంగా ‘హీ’ అవుతుంది. వెర్బు మీద మాత్రం దీని ప్రభావం లేదు. ప్రెజెంట్‌లో రన్, రన్స్ అని వేధించే తేడా పాస్ట్‌లో ‘రాన్’ దగ్గర మాయమవుతుంది, ఒక్క ‘వాజ్, వర్’ తప్ప. ఆ రకంగా చూస్తే సింపుల్ పాస్ట్ సింపుల్ ప్రెజెంట్ కంటే తేలిక. పాఠ్య క్రమాలు దాన్ని సాధారణంగా వెనక్కి నెట్టడానికి గట్టి కారణం కనిపించదు.

తప్పు రూపాలు ముందుకు వెళ్తున్న గుర్తులు

వ్యాకరణ పుస్తకం వెర్బు చివర చేర్చే ‘ఈడీ’ (-ed)తో మొదలవుతుంది. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న పిల్లలు అలా మొదలుపెట్టరు. రోజర్ బ్రౌన్ 1973లో ముగ్గురు పిల్లల మాటలను దీర్ఘకాలం గమనించి, 14 వ్యాకరణ రూపాలు ఏ క్రమంలో వచ్చాయో వివరించారు. వాటిలో వెంట్, కేమ్ వంటి ఇర్రెగ్యులర్ రూపాలు ‘ఈడీ’ రూపాల కంటే ముందు వచ్చాయి. ఇంగ్లిష్‌లో అతి ఎక్కువగా వాడే పది వెర్బులు, అంటే బీ, హ్యావ్, డూ, సే, గో, గెట్, మేక్, టేక్, కమ్, సీ వంటివి, అన్నీ ఇర్రెగ్యులరే. రోజూ వందసార్లు వినబడేవి ముందు రావడంలో వింత లేదు.

ఏ జంతువు కథ తీసుకున్నా ఇదే కనిపిస్తుంది. దాహం వేసిన కాకి ఇంగ్లిష్‌లో ఫ్లూ, సా, ఫౌండ్, థాట్, డ్రాంక్ చేస్తుంది. నీళ్లు రోజ్ అవుతాయి. రెగ్యులర్‌గా మిగిలేవి లుక్డ్, పిక్డ్, డ్రాప్డ్ వంటి కొన్నే. ‘ముందు ఈడీ, తర్వాత ఇర్రెగ్యులర్’ అన్న పాఠ్య క్రమం పెట్టుకున్న టీచరుకు కాకి కథ చిక్కు తెస్తుంది. ఇక్కడ చాలా బడులు కథను మార్చి, ఇర్రెగ్యులర్ వెర్బులు తీసేసి, ‘ద క్రో వాంటెడ్ వాటర్. ద క్రో లుక్డ్. ద క్రో వాక్డ్’ అని చప్పగా తిరగరాస్తాయి. కాకి ఎగరకుండా నడవాల్సి వస్తుంది. క్రమాన్ని కాపాడటం కోసం కథను చంపడం కంటే ‘ఫ్లూ, సా’ లాంటి రూపాలను విడి మాటల్లాగే ముందు అలవాటు చేయడం మేలు.

పిల్లలు ‘ఈడీ’ సూత్రం పట్టుకున్నాక ఒక విచిత్రం జరుగుతుంది. అంతకుముందు ‘వెంట్’ అని సరిగ్గా చెప్పినవాళ్లే ‘గోయెడ్’ అంటారు, ‘కేమ్’ పోయి ‘కమ్డ్’ వస్తుంది. చదువు వెనక్కి పోయినట్టు కనిపిస్తుంది, ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. నిజానికి బట్టీ పట్టిన మాటల వెనుక ఒక పద్ధతి ఉందని బుర్ర గుర్తించిన క్షణం అది. గ్యారీ మార్కస్, స్టీవెన్ పింకర్ తదితరులు 1992లో ఇంగ్లిష్ పిల్లల మాటలను పెద్ద ఎత్తున లెక్కించినప్పుడు ఇలాంటి తప్పులు ఇర్రెగ్యులర్ రూపాల్లో సుమారు 2.5 శాతమే తేలాయి. వినడానికి వింతగా ఉంటాయి కాబట్టి ఎక్కువ గుర్తుంటాయి. ఇంగ్లిష్‌ను రెండో భాషగా బడిలో నేర్చుకునే పిల్లలకు ఈ అంకెను అలాగే వర్తింపజేయలేం గానీ, తప్పు స్వభావం ఒకటే. ‘గోయెడ్’ చెప్పిన పిల్లలను గద్దించడం కంటే కథ చదివేటప్పుడు ‘వెంట్’ను మళ్లీ మళ్లీ వినిపించడం ఫలితమిస్తుంది.

సూత్రం నిజంగా వచ్చిందా, బట్టీయా అని తేల్చడానికి జీన్ బెర్కో 1958లో చేసిన పరీక్ష ఇప్పటికీ పనికొస్తుంది. లేని జంతువుల బొమ్మలు, లేని వెర్బులు సృష్టించి పిల్లలను అడిగారు. ‘ఇతనికి రిక్ చేయడం వచ్చు. నిన్న కూడా అదే చేశాడు. నిన్న ఏం చేశాడు?’ రిక్డ్ అని పిల్లలు చెప్పగలిగారు. ఆ మాటను వాళ్లు ముందు ఎప్పుడూ వినలేదు కాబట్టి అది బట్టీ కాదు. అయితే ‘మాట్’ అనే కల్పిత వెర్బును ‘మాటెడ్’ చేయడంలో చాలామంది తడబడ్డారు, ‘మెల్టెడ్’ అని చెప్పడం వచ్చినవాళ్లు కూడా. టి, డి శబ్దాలతో ముగిసే వెర్బు అప్పటికే పాస్ట్‌లో ఉన్నట్టు చెవికి అనిపించడం దీనికి ఒక వివరణ. అంటే వెయిటెడ్, షౌటెడ్, హంటెడ్ ఉన్న కథలను కొంచెం ఆలస్యంగా తేవడం తెలివైన పని.

చివర హల్లుతో వచ్చే చిక్కు

తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు ఉండాలి కాబట్టే బస్ బస్సు అయింది, కార్ కారు అయింది. ఇంగ్లిష్ పాస్ట్ టెన్స్ సరిగ్గా మాట చివర, అదీ రెండు మూడు హల్లుల గుంపులో దాక్కుంటుంది. ‘జంప్డ్’ చివర ఉన్నది నిజానికి ట్ శబ్దం, ‘రోర్డ్’ చివర డ్, ‘షౌటెడ్’లో మాత్రమే ఇడ్. పిల్లలు వీటిని స్పెల్లింగ్ చూసి జంపెడ్, రోరెడ్, ఆస్కెడ్ అని చదువుతారు, లేదా చివరి శబ్దం మింగేసి జంప్, ఆస్క్ అంటారు. చెవికి వినపడనిది చేతికి రాదు. డిక్టేషన్‌లో ‘ఈడీ’ ఎగిరిపోవడానికి ఇది కూడా కారణం. కుందేలు కథలో సింహం రోర్డ్, జంప్డ్, షౌటెడ్ మూడూ చేస్తుంది కాబట్టి మూడు శబ్దాలూ ఒకే పాత్ర నోట వినిపించవచ్చు. గర్జన నటించమంటే పిల్లలు ఎలాగూ వెనకాడరు.

కథ ఒక్కటే ఎందుకు చాలదు

కథ పద్ధతికి ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని పక్కన పెట్టలేం. అనగనగా అని మొదలైన కథలో అంతా ఎప్పుడో జరిగిందని వినేవాళ్లకు ముందే తెలుసు. ‘ద మంకీ జంప్’ అన్నా, ‘ద మంకీ జంప్డ్’ అన్నా కథ అర్థమవుతుంది. అర్థానికి అవసరం లేని రూపాన్ని బుర్ర పట్టించుకోదు. బిల్ వాన్‌పాటెన్ పరిశోధనల సారం కూడా ఇదే: ‘ఎస్టర్‌డే’ వంటి మాట దొరికితే నేర్చుకునేవాళ్లు దానితోనే కాలాన్ని గ్రహించి, వెర్బు చివరి భాగాన్ని దాటేస్తారు. కథలో ఆ పనిని ‘వన్స్ అపాన్ ఎ టైమ్’ చేసేస్తుంది. అందుకే నెలల తరబడి కథలు విని, చక్కగా అర్థం చేసుకున్న పిల్లలు కూడా పాస్ట్ టెన్స్ లేకుండానే తిరిగి చెబుతుంటారు. ప్రభు ప్రాజెక్టు మీద వచ్చిన విమర్శల్లో ఒకటి ఇలాంటిదే, అర్థం మీదే దృష్టి పెడితే రూపం వెనకబడుతుందని. తర్వాతి కాలంలో మైకెల్ లాంగ్ వంటివారు మధ్యే మార్గం సూచించారు. అర్థం మీద పని నడుస్తుండగానే, తడబడిన చోట క్షణం ఆగి రూపాన్ని చూపించి ముందుకు సాగడం.

తరగతిలో దీన్ని చేయడానికి, టెన్స్ మారితే అర్థం మారే చోట్లు వెతకాలి. జంతువులతో ఇది తేలిక, ఎందుకంటే జంతువుల గురించి రెండు రకాల వాక్యాలు ఉంటాయి. మొసళ్లు మాంసం తింటాయి అన్నది ఎప్పుడూ నిజమైన సంగతి, ప్రెజెంట్‌లో చెప్పాలి. ఆ మొసలి నేరేడు పండ్లు తిన్నది అన్నది కథ, పాస్ట్‌లో చెప్పాలి. వాక్యాల చీటీలు కలిపేసి, ఏది సైన్సు పుస్తకంలోది, ఏది కథలోది అని వేరు చేయమంటే పిల్లలు వెర్బును చూడక తప్పదు. దాని తర్వాత సహజంగా వచ్చే మెట్టు సొంత అనుభవం. హైదరాబాద్ బడులకు మీర్ ఆలం చెరువు పక్కన, 1963లో ప్రజలకు తెరిచిన నెహ్రూ జూ పార్కు ఉండనే ఉంది. జూకు వెళ్లి వచ్చాక ‘ఏనుగు గడ్డి తింటుంది’, ‘నిన్న ఏనుగు మా వైపు తిరిగింది’ అన్న రెండూ ఒకే పేజీలో రాయవలసి వస్తుంది. అక్కడ టెన్స్ తప్పితే చదివేవాళ్లకు నిజంగానే అయోమయం.

సంభాషణలు ఇంకో చిక్కు. కథ పాస్ట్‌లో నడుస్తున్నా కోతి, మొసలి మాట్లాడుకునేది ప్రెజెంట్‌లో. ‘నా గుండె చెట్టు మీద ఉంది’ అన్న కోతి మాటను కూడా పిల్లలు ‘వాజ్’ చేసేస్తారు. కోట్ గుర్తుల లోపల, బయట అని చూపిస్తే సరిపోతుంది. ‘సెడ్, టోల్డ్’ తేడాకు కూడా తెలుగు చాలావరకు అక్కరకొస్తుంది. ‘సెడ్’ అన్నది, ‘టోల్డ్’ ఎవరికో చెప్పింది. ఆ ఎవరికో అన్నది లేకపోతే ‘టోల్డ్’ ఒంటరిగా నిలబడదు.

పరీక్ష, ఇల్లు

రాష్ట్ర పాఠ్యపుస్తకాల్లో కథనం, సంభాషణ, వర్ణన వంటి డిస్కోర్సులు రాయించే అభ్యాసాలు ఉన్నాయి. కాబట్టి కాగితం మీద కథ పద్ధతికి చోటు ఉన్నట్టే. అయితే యూనిట్ టెస్టులో ఖాళీలు పూరించండి అన్న ప్రశ్న దిద్దడం సులువు, కథ దిద్దడం కష్టం. నలభై యాభై మంది ఉన్న క్లాసులో టీచరు దేన్ని ఎంచుకుంటారో చెప్పనక్కర్లేదు. ఖాళీల ప్రశ్నలో ఒక్కో వెర్బు ఒక్కో వాక్యంలో విడిగా ఉంటుంది కాబట్టి, పైన చెప్పిన గొలుసు తప్పు ఆ పరీక్షలో అసలు బయటపడదు. పదికి పది వచ్చిన పిల్లలు సెలవుల గురించి పేరా రాయమంటే తడబడటం ఇందువల్లే.

ఇంట్లో ఇంగ్లిష్ రానంత మాత్రాన తల్లిదండ్రులు చేయగలిగింది ఏమీ లేదనుకోవడం సరికాదు. కథను తెలుగులోనే చెప్పి, మధ్యమధ్యలో ఆపి ‘తర్వాత ఏం చేసింది?’ అని అడిగితే పిల్లలు ‘దూకింది’, ‘పట్టుకుంది’ అని పూర్తి క్రియతో జవాబు చెబుతారు. గొలుసు దానంతట అదే విడిపోతుంది. బొమ్మల కథలు కావాలంటే ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో ఉచితంగా దొరుకుతాయి, కొన్ని కథలు తెలుగు, ఇంగ్లిష్ రెండింటిలోనూ ఉన్నాయి. ఫోన్‌లో ఒకదాని పక్కన ఒకటి తెరిచి, తెలుగులో ఒక్క ‘ఇంది’ ఉన్న చోట ఇంగ్లిష్‌లో ఎన్ని పాస్ట్ వెర్బులు ఉన్నాయో లెక్కపెట్టడం ఎనిమిదేళ్ల పిల్లలకు ఆటే.

పిల్లలు రాసిన కథను చూసేటప్పుడు మొత్తం తప్పులు లెక్కపెట్టడం కంటే అవి ఎక్కడున్నాయో చూడటం ఉపయోగం. ‘గోయెడ్, రన్నెడ్’ లాంటివి కథంతా పరుచుకుని ఉంటే సూత్రం పడుతోంది, ఇంకా ఎక్కువ చదివి వినిపించాలి. ‘అండ్’ల మధ్యలో ఉన్న వెర్బులు మాత్రమే మొదటి రూపంలో మిగిలి, చివరిది సరిగ్గా ఉంటే పట్టికతో పని లేదు. అదే కథను ఒక్కో బొమ్మకు ఒక్కో వాక్యం చొప్పున మళ్లీ చెప్పించాలి.